నాకు తప్ప అందరికీ చెప్పిన మాట

విమానాశ్రయం తెరిచిన నాలుగేళ్లకు, ఎండాకాలం సెలవుల్లో, పాల్మాకుల దారిలోని ఒక తోట ఇంట్లో పదిరోజుల శిబిరం పెట్టారు. పిల్లల కోసం నవల రాసేసి, దాన్ని తిరగరాసుకోవాలనుకునే వాళ్లకది. ఆరుగురిని తీసుకున్నారు. అందులో నేనూ, అక్కా ఉన్నాం.

సొంత అక్క కాదు. శంషాబాద్‌లో మా బడిలోనే ఆమె లెక్కలు చెప్పేది, నేను తెలుగు చెప్పేదాన్ని. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఇద్దరికీ రాసే పిచ్చి ఉందని ఒకరోజు స్టాఫ్ రూంలో బయటపడింది, అప్పట్నుంచీ అక్కాచెల్లెళ్లమైపోయాం. రెండేళ్లపాటు దాదాపు ప్రతి ఆదివారం నేను బస్సెక్కి ఆరాంఘర్‌లో దిగి, అక్కణ్నుంచి ఆటోలో అత్తాపూర్‌లోని వాళ్లింటికి పోయేదాన్ని. ఆమె వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చునేది. నేను గడప మీద కూర్చుని ఆ వారం రాసిన అధ్యాయం చదివేదాన్ని. అయిపోగానే కొంగుతో కళ్లు ఒత్తుకుని, "మంచిగున్నది చెల్లె, గిట్లనే రాసుకుంట పో" అనేది. ఆ మాటను ఎంత నమ్మానంటే, మా ఆయన ఒకసారి నాలుగు పేజీలు చదివి "జర సాగుతున్నది" అన్నందుకు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నా నవలలో ఒక పన్నెండేళ్ల పిల్ల ఉంది. వాళ్ల చేను విమానాశ్రయం కింద పోయింది, మేకలు మేపే బాటకు అడ్డంగా గోడ లేచింది. ఆ పిల్ల పెద్దవాళ్లందరినీ నిలదీస్తుంది. నాకు ఆ పిల్లంటే గర్వం.

శిబిరానికి రాతప్రతి పంపేటప్పుడు, దాన్ని పూర్తిగా చదివినవారి అభిప్రాయం ఒకటి జతచేయమన్నారు. నాది ఆమె రాసింది, ఆమెది నేను రాశాను. ఎవరిది వాళ్లు కవరులో పెట్టి నేరుగా పంపాలి. ఏం రాశావని అడిగితే నవ్వి, మంచిగనే రాసిన అంది. నేను ఆమె నవల గురించి రాసినదంతా అంతకుముందే ఆమె మొహాన చెప్పిందే. మధ్యలో మూడు అధ్యాయాలు దండగ అన్నాను ఒక ఆదివారం. ఆమె ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు గానీ, పదిహేను రోజుల్లో మూడూ తీసేసి చూపించింది.

నాలుగో రోజు పొద్దున నా వంతు వచ్చింది. శిబిరం నడిపే సంపాదకురాలు పెద్దావిడ, గుంటూరు వైపు మనిషి. పిల్లల పుస్తకాల మీదే తల నెరిసింది. వసారాలో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "మీ స్నేహితురాలు రాసిన దానికి నేను కలపవలసిందేమీ లేదండీ. మీరు చదివే ఉంటారుగా?" అంది. లేదన్నాను. నాకు తెలియకుండా ఉంచడం తప్పన్నట్టు ఆవిడ ఆ కాగితాలు నా చేతికిచ్చింది.

అక్క దస్తూరీ నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. గుండ్రటి అక్షరాలు. "ఈ పిల్ల నవల మొత్తంలో ఒక్కసారీ ఆడుకోదు. ఒక్క అబద్ధం చెప్పదు. దీనికి ఆకలి కూడా కాదు. రచయిత్రే గౌను వేసుకుని పెద్దలను తిడుతున్నట్టుంది. మొదటి అధ్యాయం నుంచీ నాకిట్లాగే అనిపించింది." కింద మరో రెండు వాక్యాలు ఉన్నాయి. "ఆమె మాట పడే మనిషి కాదు. మీరే నెమ్మదిగా చెప్పగలరు."

మమ్మల్ని శిబిరానికి ఎంపిక చేసినవాళ్లు అప్పటికే ఆ కాగితాలు చదివారు, ఆవిడ చదివింది. నేనొక్కదాన్నే చదవలేదు. అత్తాపూర్ వంటింట్లో ఆమె కళ్లు ఒత్తుకున్న ఆదివారాలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చి, ఏ రోజు నిజంగా ఏడ్చిందో, ఏ రోజు ఉల్లిగడ్డల ఘాటో తేల్చుకోలేకపోయాను.

సాయంత్రం ఊరివైపు నడుస్తూ అడిగాను. "నాకెందుకు చెప్పలే అక్కా?"

ఆమెకు వెంటనే అర్థమైంది. ఏ మాట అని అడగలేదు. "చెప్తే రాసుడు బంద్ చేస్తవని భయపడ్డ."

"గట్లని నువ్వే అనుకున్నవా?"

నెత్తి మీదుగా విమానం కిందికి దిగుతోంది. ఆ చప్పుడు పోయేదాకా ఇద్దరం నిలబడ్డాం. తర్వాత ఆమె మెల్లగా అంది, "మొదట్ల ఒక మాట అన్న, యాదున్నదా? నెల రోజులు మా ఇంటికి రాలె నువ్వు."

యాదున్నది. అమ్మకు జ్వరమని చెప్పాను అప్పుడు. అమ్మకు జ్వరం వచ్చిన మాట నిజమే, మూడు రోజులు. మిగతా రోజులు అలిగి రాలేదని ఒప్పుకోలేదు. "నేను నీకు మొహం మీదనే చెప్పిన కద" అన్నాను. ఇద్దరం వెనక్కి తిరిగాం.

మిగిలిన ఆరు రోజులూ ఒకే గదిలో ఉన్నాం. పొద్దున్నే ఆమె నా టీ కూడా తెచ్చి కిటికీలో పెట్టేది. తాగేదాన్ని, మాట్లాడేదాన్ని కాదు. ఆ కాగితాలు ముందు పెట్టుకుని నవల విప్పాను. నా పిల్ల చేత మొదటిసారి ఒక అబద్ధం ఆడించాను. మేక తప్పిపోయిందని ఇంట్లో చెప్పి, పొద్దంతా తోటిపిల్లలతో చింతకాయలు కొట్టుకుంటూ తిరిగింది. సాయంత్రానికి మేక నిజంగానే తప్పిపోయింది. రాస్తుంటే చెయ్యి ఆగలేదు. అక్క రాసింది అక్షరాలా సరైనదని ఆ రోజే తెలిసింది. తెలిసినకొద్దీ కోపం పెరిగింది. రెండేళ్ల కిందటే ఆ వంటింట్లోనే చెప్పి ఉంటే, ఈ పిల్ల రెండేళ్ల ముందే ఆడుకునేది.

చివరి రోజు అందరి ముందూ ఆ అధ్యాయం చదివాను. అందరికంటే ముందు నవ్వింది ఆమే. అది చూసినా నా మనసు కరగలేదు.

బడి తెరిచిన కొద్ది నెలలకే ఆమెకు బదిలీ అయింది. ఆదివారాలు అంతకుముందే ఆగిపోయాయి. 2014లో నా పుస్తకం వచ్చింది. కృతజ్ఞతల పేజీలో ఆమె పేరు రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. అచ్చుకు పోయేనాటికి అది లేదు. న్యాయం కాదని తెలుసు. అయినా చేశాను.

పుస్తకం ఎక్కడ కొనుక్కుందో, ఒక మధ్యాహ్నం ఆమె నుంచి మెసేజ్ వచ్చింది. "చదివిన చెల్లె. పిల్ల మంచిగున్నది."

క్లాసుకు పోతూ పోతూ వరండాలో ఆగి నాలుగైదుసార్లు చదువుకున్నాను. ఆమె మనసులో మాటే రాసిందా, నేను బాధపడతానని రాసిందా, నాకు తెలియలేదు. అది తేల్చి చెప్పగల మనిషి ఒక్క ఆమే. థాంక్స్ అక్కా అని కొట్టి, ఫోన్ సంచిలో వేసి, క్లాసులోకి పోయాను.