జర ఆగు

నా చేతిలో ఉన్న చెయ్యి ఎర్రగా పండి ఉంది.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు దాటడానికి నిలబడి, మెసేజ్ పంపించేసి, ఫోను బ్యాగులో వేసి కిందికి చూశాను. ముందు కనిపించింది ఆ చెయ్యే. అరచేతిలో చందమామ, వేళ్ళకు టోపీలు. మా చిన్నది గోరింటాకు పెట్టమని మూడు రోజులుగా అడుగుతోంది. నేను పెట్టలేదు.

అదే యూనిఫాం, అదే ఎత్తు, అవే రెండు జడలు. మొహం మాత్రం వేరే.

"నువ్వెందుకొచ్చినవమ్మా నాతోటి?"

"మీరే పట్టుకున్నరు గదా ఆంటీ," అంది ఆ పిల్ల, ఏ భయమూ లేకుండా.

దాన్ని ఎత్తుకుని స్కూలు సందులోకి పరుగెత్తాను. నా కూతురు నా వెనకే వచ్చి ఉంటుంది, నేను కనపడక ఒక్కతే రోడ్డు మీదికి వెళ్ళి ఉంటుంది అనుకుంటున్నాను. ఎవరో కన్న పిల్లను చంకనేసుకుని ఉరుకుతున్న నన్ను ఎవరైనా ఆపితే ఏం చెప్పాలో కూడా తెలియదు.

అప్పట్లో అశోక్‌నగర్‌లో మా ఇంట్లోనే కూర్చుని పని చేసేదాన్ని. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసినవి హెడ్‌ఫోన్లలో విని టైపు చేయడం. కాలి కింద ఒక పెడల్ ఉండేది. నొక్కితే మాట వెనక్కి వెళ్ళి మళ్ళీ వినిపించేది. ఒక్క మందు పేరు కోసం పదిసార్లు వినేదాన్ని. ఆ ఏడాదే కొత్త ఫోను కొని, ఆఫీసు మెయిల్ అందులో పెట్టించుకున్నాను. నన్నెవరూ అడగలేదు. నారాయణగూడ మార్కెట్లో టమాటాలు ఏరుతూ కూడా జవాబివ్వచ్చని సంబరపడ్డాను. "మీరు వెంటనే రిప్లై ఇస్తరు" అని మా టీమ్ లీడర్ మెచ్చుకుంది. ఆ రోజు నుంచి ఆ పేరు పోతుందేమోనని ఒకటే భయం. పిల్లలు ఏమడిగినా ముందు నోట్లోంచి వచ్చేది "జర ఆగు". గోరింటాకు రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టాను కూడా. జర ఆగు, ఈ ఫైలు అయిపోనీ.

స్కూలు గేటు దగ్గర ఒక పెద్దావిడ, ఆ పిల్ల నానమ్మ కాబోలు, ఆయా మీద కేకలేస్తోంది. నా చంకలోని పిల్లను చూడగానే లాక్కుంది.

"ఏమమ్మా, ఎవల పిల్లనన్న తీస్కపోతవా? చెయ్యి దొరికితే సాలా, మొకం సూడవా?"

"తప్పయింది పెద్దమ్మా. నా బిడ్డ అనుకున్న..."

"నేను పిలిచిన మేడం," అంది ఆయా. "ఫోన్ల మొకం పెట్టి పోతనే ఉన్నరు."

"నా పాప ఏది?"

ఆయా లోపలికి చెయ్యి చూపించింది. మా చిన్నది మెట్ల మీద బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"బాటిల్ మర్చిపోయిన అని చెప్పిన. జర ఆగు అన్నవ్. మళ్ల పిలిచిన. మళ్ల జర ఆగు అన్నవ్. ఆగిన."

తప్పు పట్టినట్టు అనలేదు. చెప్పిన మాట విన్నందుకు నేను మెచ్చుకుంటానన్నట్టు చూసింది. ఆ రెండుసార్లలో ఒక్కసారి కూడా అన్నట్టు నాకు గుర్తు లేదు. ఇప్పటికీ, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తూ, గేటు దగ్గరి ఆ రెండు నిమిషాలూ వెతుకుతాను. టైపు చేసిన మెసేజ్ అక్షరాలతో సహా గుర్తుంది. దాని గొంతు వినపడదు.

నేను దాన్ని పట్టుకుని అక్కడే కూలబడేసరికి పెద్దావిడ మెత్తబడింది. మా చిన్నదాని అరచేతులు తిప్పి చూసింది.

"ఆషాఢం ఎల్లిపోతాంది, పిల్ల చేతులు ఉత్తగున్నయ్. పెట్టు బిడ్డా. ఇంటికి పోయి గా పని చెయ్యి ముందుగాల."

నాలుగింటికి మా పెద్దది కూడా స్కూలు నుంచి వచ్చాక ఫ్రిజ్‌లోంచి డబ్బా తీశాను. గోరింటాకు పైన నల్లబడి ఎండిపోయింది. నిమ్మరసం పిండి కలిపి ఇద్దరికీ పెట్టాను. తర్వాత ఒక చేత్తో నా రెండో చేతికి పెట్టుకున్నాను. మిగిలిన చేతికి పెద్దది, తన వేళ్ళు చెడకుండా, చెంచాతో పెట్టింది. కావాలనే పెట్టుకున్నాను. చేతులు ఉత్తగా ఉంటే ఫోను పట్టకుండా ఊరుకోవని నాకు తెలుసు.

ఆరింటికల్లా ఇవ్వాల్సిన ఫైలు ఒకటి ఉంది. అలమార మీద ఫోను మోగడం మొదలైంది.

"అమ్మా, ఫోను," అంది పెద్దది.

చిన్నది అలమార వైపు తిరిగి గట్టిగా అరిచింది. "జర ఆగు!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ముక్కు దురద పెడితే గోకడానికి ముగ్గురిలో ఎవరికీ చెయ్యి ఖాళీ లేదు. పెద్దది భుజంతో రుద్దింది. ఆ కూర్చున్న రెండు గంటలూ నేను హాయిగా ఉన్నానని చెప్తే అబద్ధం. ఎన్నిసార్లు మోగిందో చెప్పగలను. చేతులు కడుక్కునేసరికి గడువు దాటింది, ఫైలు ఇంకొకరికి ఇచ్చేశారు.

మర్నాడు పొద్దున మెయిల్‌లో టీమ్ లీడర్ పెట్టిన మూడు ప్రశ్నార్థకాలు, ఇంకేమీ లేవు. జవాబివ్వకుండా ఫోను బోర్లించి జడలు వేయడానికి కూర్చున్నాను. చిన్నదాని చెయ్యి బాగా పండింది. అది మాటిమాటికీ అరచెయ్యి నా కళ్ళ ముందుకు తెచ్చి చూపిస్తోంది. ఆ చేతిని పట్టుకుని ఇద్దరికీ చెప్పాను.

"ఇగ నేను జర ఆగు అంటే ఆగొద్దు. నా ముందలికొచ్చి నిలబడుండ్రి. నేను మీ మొకం జూసి చెప్తేనే ఆగుండ్రి."

"పనిల ఉంటే?" అంది పెద్దది.

"పనిల ఉన్నా సరే."