తెర వెనుకవాళ్ల రొట్టె

నేను తంబళ్లపల్లె చర్చిలో వాక్యం చెప్పి బయటికి వచ్చేసరికి కబురు కాచుకుని ఉంది: పుంగనూరులో మా మేనత్త పోయింది. నలభై ఏళ్లైనా నిండలేదు. బస్సు దిగి ఇల్లు చేరానో లేదో, సంఘపెద్ద ఒకాయన గడప బయటే నిలబడి అన్నాడు: "శవాన్ని చర్చి లోపలికి తేవొద్దప్పా. ఆయమ్మ ఇంకా శిక్ష కిందనే ఉండాది."

ఏమిటా శిక్ష? చదివేవాళ్లు వినాలి.

డెబ్బైల మొదట్లో, పెళ్లి కాని మా అత్తకు నెల తప్పింది. కారకుడు అదే చర్చిలో పాటలు పాడే పెద్దింటి కొడుకు. అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అత్తను మాత్రం మదనపల్లెలో సంఘంవాళ్లు నడిపే ఒక హోములో దాచారు. అడిగినవాళ్లకు, "కుప్పంలో నర్సు ట్రైనింగుకు పోయుండాది" అని చెప్పారు. సత్యం సత్యం అని గొంతు చించుకునేవాళ్లు చెప్పిన మాట అది!

ఆ హోములో ఆదివారం ఆరాధనకు అలాంటి ఆడపిల్లలను తెర వెనుక కూర్చోబెట్టేవారు. ప్రభువు బల్ల ఆరాధనలో విశ్వాసులకు పంచే రొట్టె మాత్రం వాళ్లే చేయాలి. పులియని పిండి పిసికి, పెనం మీద కాల్చి, తెల్లగుడ్డ కప్పి పంపితే చుట్టుపక్కల చర్చిలన్నీ భక్తిగా తినేవి. తెర వెనక్కి ఒక్క ముక్క వచ్చేది కాదు. పిండి పిసికేటప్పుడు పనికొచ్చిన చేతులు, చాచేటప్పుడు అపవిత్రమైపోయాయా? ఇది ఏ వాక్యంలో ఉందో చూపించండి. నేను బైబిలు మొదటి పుట నుంచి చివరి పుట దాకా వెతికాను.

బిడ్డ పుట్టగానే గుడ్డలో చుట్టి తీసుకుపోయారు. ఆడో మగో కూడా చెప్పలేదు. అత్తకు కనబడింది ఒక మడమ. అందుకే, ఎవరి పసిబిడ్డ ఇంటికొచ్చినా ముందు మడమను అరచేతిలో పట్టుకునేది. ముద్దూ ముచ్చటా ఆ తర్వాతే.

తిరిగొచ్చాక పెద్దలు పిలిచి, సంఘం ముందు నిలబడి పాపం ఒప్పుకుంటేనే బల్ల దగ్గరికి రానిస్తామన్నారు.

"ఒప్పుకుంటా. ఆయప్పను గూడా నా పక్కన నిలబెట్టండి" అంది అత్త.

"ఆ పిల్లోడి సంగతి నీకు యాలమ్మా?"

"అయితే నా కడుపు గాలికి పండిందా అప్పా?"

అతన్ని నిలబెట్టలేదు. ఆమె నిలబడలేదు. అతను పెళ్లి చేసుకున్నాడు, సంఘపెద్ద అయ్యాడు, రొట్టె పళ్లెం పట్టుకుని వరుసల మధ్య తిరిగాడు. అత్త మాత్రం చివరి చాప మీదే కూర్చుంది. పళ్లెం ప్రతిసారీ ఆమెను దాటిపోయేది.

"ఆడికి యాల పోతావత్తా?" అని ఒకసారి మండిపడ్డాను.

"నన్ను దాటేటప్పుడు ఆయప్ప పెద్ద అంగ వేస్తాడు రా. అది సూసేదానికి" అని నవ్వింది.

వ్యభిచారంలో దొరికిందని, రాళ్లు పట్టుకుని ఒక ఆడదాన్ని ప్రభువు ముందుకు ఈడ్చుకొచ్చినవాళ్లు, మగవాణ్ణి ఎక్కడ వదిలేసి వచ్చారు? ఈ ప్రశ్న నేను ప్రతి ఊళ్లోనూ వేస్తాను. గొర్రెల వెంట తిరిగే నాకు అక్షరాలు దిద్దించి, ఆ ప్రశ్న మొదట నన్ను అడిగింది మా అత్తే.

బల్ల ఉన్న ఆదివారాల్లో ఆమె చర్చి నుంచి ఇంటికొచ్చి, పొయ్యి వెలిగించి అలాంటి రొట్టే కాల్చేది. హోములో తనతో ఉన్నవాళ్లు కుప్పం నుంచి, సోమల నుంచి బస్సుల్లో వచ్చేవారు. "రాండమ్మా, ఈడ తెర లేదు" అనేది. రొట్టె మాడితే, "సిలువ ఎక్కినాయన మాడు రొట్టెకు మొగం తిప్పుకుంటాడా? తినండి" అనేది.

ఆమె శవపెట్టెను చర్చి గేటు బయటే దించాం. తలుపు తీయలేదు. ప్రార్థన నేనే చేశాను. అప్పుడు కుప్పం నుంచి వచ్చినామె, పొద్దున అత్త పెనం మీదే తాను కాల్చిన రొట్టెను కొంగులోంచి తీసింది. తుంచి అందరికీ పెట్టింది. గేటు లోపల ఆ పళ్లెం మోసే పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ఆమె ఒక ముక్క పట్టుకుని కమ్మీల సందులోంచి చెయ్యి చాచింది.

"తీసుకోప్పా. ఆయమ్మ ఎవురికీ లేదనలా."

అతను కదల్లేదు. మేము పెట్టె ఎత్తుకుని నడిచాం. వీధి మలుపులో వెనక్కి తిరిగి చూశాను. కమ్మీల మధ్య ఆమె చెయ్యి ఇంకా చాచే ఉంది.