అరవం వద్దన్న కచేరి

పోయిన వారం మా తమ్ముని కూతురు, చెన్నైలో ఏదో పెద్ద సంగీత బృందం పాడబోతోందని నెలల ముందే ఫోన్లో టిక్కెట్టు తీసుకొని, స్నేహితురాళ్ళతో కలిసి ఒకే రంగు చొక్కాలు కొనుక్కొని మరీ వెళ్ళింది. మరునాడు పొద్దున ముఖం వేలాడేసుకొని మా కోవిల్‌పట్టి బస్టాండులో దిగింది. వాన పడి మైదానమంతా బురదట, ముందు నిలబడ్డవాళ్ళు ఎత్తిపట్టుకున్న ఫోన్లు తప్ప వేదిక మీద మనుషులే కనబడలేదట, పైగా పాడేవాళ్ళు పెదవులు కదిపారే గాని పాట మాత్రం ఏదో యంత్రంలోంచి వచ్చిందట. ఇంత ఆశపడి పోతే ఇట్లాగేనా అత్తా అని అడిగింది. నేను కాఫీ కలిపి దాని చేతికిచ్చాను. నేనూ ఒకప్పుడు ఒక కచేరి కోసం అంతకంటే ఎక్కువే ఆశపడ్డాను. అది బాగుందా, బాగాలేదా అని ఎవరైనా అడిగితే ఈనాటికీ చెప్పలేను.

నా వయసువాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. తొంభైలు ముగిసిపోతున్న కాలం. అమ్మవారి తిరునాళ్ళు వచ్చాయంటే వీధికి అడ్డంగా వెదురు బొంగులు పాతి వేదిక కట్టేవాళ్ళు. కరెంటు స్తంభాలకు గరాటాల్లాంటి లౌడ్ స్పీకర్లు వేలాడేవి. పాటగాళ్ళు సాయంత్రం గాని రారని తెలిసినా, ఆడవాళ్ళు మధ్యాహ్నం నుంచే చాపలు పరిచి, అవి ఎగిరిపోకుండా మూలల మీద రాళ్ళు పెట్టి చోటు పట్టుకునేవాళ్ళు. ఆ చాపల సరిహద్దుల గురించి జరిగే తగవులు కచేరి కంటే బాగుండేవని మా అవ్వ అనేది.

మా వీధిలో ఇంచుమించు అందరూ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలకు పనికి పోయేవాళ్ళే. అందరి ఇళ్ళలోనూ తెలుగే. కాని అది గడప లోపలి తెలుగు. గడప దాటి చెప్పులు వేసుకుంటే చాలు, మా నాలుక దానంతట అదే అరవానికి మారిపోయేది. తమిళాన్ని మేము అరవం అనే అంటాము, అందులో చిన్నచూపేమీ లేదు, అది మా పెద్దలు పెట్టుకున్న పేరు. బడిలో, అంగడిలో, బస్సులో, దేవుడి ముందు కూడా అరవమే. తెలుగు అక్షరం ఒక్కటి కూడా మా వీధిలో ఎవరికీ రాదు. నేను రోజూ రాసుకునే డైరీ కూడా తెలుగు మాటల్ని అరవ అక్షరాల్లో పెట్టి రాసిందే. ఆ అక్షరాల్లో కకు, గకు తేడా లేదు కాబట్టి, ఇప్పుడు తీసి చదివితే ఆనాడు నేను గాలి గురించి బాధపడ్డానో, కాలి గురించి బాధపడ్డానో నాకే అర్థం కాని చోట్లు ఉన్నాయి.

చదువు అయ్యాక విరుదునగర్లో ఒక పప్పుల మండీ ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. రోజూ పొద్దున రైల్లో పోయి సాయంత్రం రైల్లో వచ్చేదాన్ని. ఎవరితోనూ మాట్లాడలేని పిరికిదాన్ని కాబట్టి, మాట్లాడే పని తప్పించుకోవడానికి కిటికీ పక్కన కూర్చొని పుస్తకం తెరిచేదాన్ని. ఆఫీసులో నా పక్క కుర్చీలో కూర్చునే అక్క ఒకామె ఉండేది. అచ్చమైన విరుదునగర్ మనిషి, గలగలా మాట్లాడేది, నన్ను చెల్లెలిలాగే చూసుకునేది. అయితే ఒక విషయంలో మాత్రం నన్ను వదిలేది కాదు. వాళ్ళ ఇంటి పక్కన విజయవాడ నుంచి బదిలీ మీద వచ్చిన రైల్వే కుటుంబం ఒకటి కాపురముండేది. వాళ్ళు మాట్లాడేది విని వచ్చి, అదేమో పాటలాగుంది, నువ్వు మీ అమ్మతో ఫోన్లో మాట్లాడేది మాత్రం మా అరవాన్నే ఎవరో నీళ్ళలో నానబెట్టినట్టుంది, మీది నిజంగా తెలుగేనా అని నవ్వేది. ఆమె వేళాకోళానికే అన్నా, ఆ మాట నన్ను రైల్లో ఇల్లు చేరేదాకా వెంటాడేది. అరవం వాళ్ళు మాది అరవం కాదంటారు, ఈమె మాది తెలుగు కాదంటుంది. మరి మేము ఇంట్లో మాట్లాడుకునేది ఏమిటి?

అందుకే ఆ ఏడాది తిరునాళ్ళకు ఆంధ్ర నుంచి తెలుగు ఆర్కెస్ట్రా వస్తోందని మా మామ చెప్పినప్పుడు నేను ఎంత సంబరపడ్డానో చెప్పలేను. మామ అంటే మా అమ్మ తమ్ముడు, వీధి కుర్రాళ్ళందరికీ పెద్ద. ఎవరి ద్వారానో నంబరు సంపాదించి, ఎస్టీడీ బూతు అద్దాల గదిలో చెమటలు కక్కుతూ నిలబడి, ఆ బృందం మేనేజరుతో తెలుగులోనే మాట్లాడి అంతా ఖాయం చేసివచ్చాడు. మా మాటను ఒక వేదిక మీద, మైకులో, కొత్తవాళ్ళు పాడగా వినడం మా వీధికి అదే మొదటిసారి. పైకి చెప్పుకోలేదు గాని, మాదీ తెలుగేననడానికి నాకు అది సాక్ష్యం. అక్కను ఆ రోజు మా ఇంటికి పిలిచాను. ఒకరిని ఇంటికి రమ్మని నా అంతట నేను పిలవడం కూడా అదే మొదటిసారి. విని చూడక్కా, తర్వాత చెప్పు అన్నాను.

అక్క మల్లెపూలు, కారపు బూందీ పట్టుకొని వచ్చింది. అవ్వ కొత్త నూలుచీర కట్టుకొని, వక్కాకు తిత్తి నడుముకు దోపుకొని, అందరికంటే ముందు చాప మీద కూర్చుంది. వేదిక మీద తళతళలాడే కోట్లు వేసుకొని నలుగురైదుగురు వాయిద్యాల వాళ్ళు, మెరుపుల చీరలో పాడే అమ్మాయి, జులపాల జుట్టుతో మాటలు చెప్పే ఆయన. ఆయన మైకు పట్టుకొని ఏ ఊరి అరవమో తెలియని అరవంలో వణక్కం చెప్పాడు. ఆ అమ్మాయి అరవం పాట ఎత్తుకుంది.

మొదటిది అరవంలో ఉంటే ఉండనీ, మర్యాదకు పాడుతున్నారు అనుకున్నాము. రెండోది కూడా అరవమే. ఆ తర్వాతిదీ అరవమే. పోనీ అదైనా సరిగా ఉందా అంటే, నాలుక మడతపెట్టి పలకాల్సిన చోటల్లా ఆ అమ్మాయి తిన్నగా పలికేది, పండును పళం అనాల్సిన చోట పల్లం అనేది, పల్లం అంటే గుంట. ప్రియురాలి పెదవులు పండులా ఉన్నాయన్న చరణం వచ్చేసరికి అక్క పైటచెంగు నోట్లో కుక్కుకొని ఊగిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

వెనక మగవాళ్ళ వైపు నుంచి కేకలు మొదలయ్యాయి. "అరవం వొద్దు! అరవం వొద్దు!" అని ఒకడు ఎత్తుకుంటే వీధి మొత్తం అందుకుంది. జులపాల ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకొని విని, చటుక్కున ముఖం చిన్నబుచ్చుకొని, వాయిద్యాల వాళ్ళకు సైగ చేశాడు. డప్పుల చప్పుడు తగ్గింది. పాట అదే అరవం పాట, కాస్త మెల్లగా. కేకలు ఇంకా పెరిగాయి. ఆయన ఇంకా తగ్గించమన్నాడు. వీధంతా అరవం వొద్దు అని గొంతు చించుకుంటూ ఉంటే, వేదిక మీద ఆ అమ్మాయి జోలపాట పాడినట్టు అరవంలో గొణుగుతూ ఉంది. ఏం జరుగుతోందో మాకూ తెలియదు, వాళ్ళకూ తెలియదు.

"ఏమే, ఆ పిల్లకి గొంతు పట్టేసిందా ఏంది?" అంది అవ్వ.

"లేదత్తా, మన అరుపుల సత్తానికి బెదిరిపోయింది" అంది పక్కచాప పిన్నమ్మ. "ఎవురన్నా పోయి సెప్పండి. ఇదిగో, ఈ పాపని పంపండి, ఆపీసులో పని సేస్తాది, బుక్కులు సదువుతాది."

పుస్తకాలు చదివేవాళ్ళకు నోరు ఉంటుందని మా వాళ్ళ నమ్మకం. మామేమో జనరేటరు దగ్గరెక్కడో ఉన్నాడు. వద్దు వద్దంటున్నా చేతులన్నీ కలిసి నన్ను లేపి నిలబెట్టాయి. నా చెయ్యి పట్టుకొని అవ్వ కూడా లేచింది. పాట ఆగే సమయానికి వేదిక పక్క మెట్ల దగ్గరికి చేరాము. ఆ అమ్మాయి మంచినీళ్ళ సీసాతో దిగివచ్చింది. దగ్గర నుంచి చూస్తే నా కంటే చిన్నది, ముఖమంతా పౌడరు, చెమట. నేను దారంతా మనసులో కూర్చుకున్న వాక్యం ఒకటే, మా ఇంటి వాక్యం, తెలుగు పాట ఒకటి పాడండమ్మా అని. నోరు తెరిచాను. అరవం వచ్చింది.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. గడప దాటాను, కొత్త మనిషి ఎదురుగా ఉంది, అలవాటైన నాలుక తన దారిన తాను పోయింది. ఆ అమ్మాయి జాలిగా నవ్వి, తనకు అరవం తెలియదని వచ్చీరాని అరవంలోనే చెప్పింది. నేను మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ అరవమే. అప్పుడు అవ్వ నన్ను పక్కకు నెట్టి ముందుకు వచ్చింది.

"ఏమమ్మా, అప్పుడు పట్టి అరవం వొద్దు అరవం వొద్దు అని సెప్తావుండాము, నీకు సెవిలో పడలేదా? మనది పాడు తల్లీ, తెలుగు."

ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. "అయ్యో, అరవం వద్దన్నారా! మేము అరవొద్దు అంటున్నారనుకున్నామండీ! చప్పుడు ఎక్కువైందేమోనని తగ్గించుకుంటూ వచ్చాం."

జులపాల ఆయన కూడా దిగివచ్చి తల పట్టుకున్నాడు. మామ ఫోన్లో మాట్లాడినప్పుడు, ఎవరో తమిళాయన పాపం తమ కోసం కష్టపడి తెలుగు మాట్లాడుతున్నారని ఆయన అనుకున్నాడట. అంత మంచివాళ్ళకు సంతోషంగా ఉండాలని, పక్షం రోజులు కూర్చొని అందరూ అరవం పాటలు వల్లెవేసి వచ్చారట. తెలుగు పాటల పుస్తకం బస్సులో కూడా పెట్టుకోలేదట.

అప్పుడు ఆ అమ్మాయి అవ్వ చేతులు పట్టుకొని, నిజమైన ప్రేమతోనే అంది. "అవ్వగారూ, మీ తెలుగు ఎంత బాగుందండీ! ఎక్కడ నేర్చుకున్నారు?"

"నేర్సుకొనేదేముంది తల్లీ. నీకు ఎవురు నేర్పినారు?" అని అవ్వ ఎదురు అడిగి, జవాబు కోసం నిజంగానే కాచుకుంది. ఆ అమ్మాయి నవ్వేసి, ఒక్క పాట గుర్తున్నది పాడతానని మెట్లెక్కింది.

పాడింది కూడా. ఏదో కొత్త సినిమా పాట, గబగబా పరుగెత్తే పాట. మధ్య మధ్య మాటలు మరిచిపోయి లాలాలా అనేది. మా వీధి నిశ్శబ్దంగా విన్నది. ఎవరూ ఈల వేయలేదు, ఎవరూ వద్దనలేదు. ఒక్కొక్క మాట తెలిసినట్టే ఉండి జారిపోతూ ఉంటే, అందరూ మర్యాదగా, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. చంకలోని బిడ్డ ఒకటి ఇది ఏ బాష అమ్మా అని అడిగితే, తల్లి ఉస్స్ అంది. చాప మడుస్తూ అవ్వ తీర్పు చెప్పింది. "పాపం, మంచి పిల్ల. అరవం పాడి పాడి తెలుగు మరిసిపోయిండాది."

ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకొని, మరునాడు నాతోపాటు రైలెక్కిన అక్క సాత్తూరు స్టేషను దాటేదాకా ఆ కచేరి మాట ఎత్తలేదు. చివరికి వేళాకోళమేమీ లేకుండా, లెక్క తేలని మనిషిలాగా చెప్పింది. ఆ అమ్మాయి పాడిన తెలుగు తనకు ముక్క అర్థం కాలేదట, మీ అవ్వ మాట్లాడిందంతా అర్థమైందట. కాని ఆ అమ్మాయి, మీ అవ్వ ఒకరికొకరు అర్థమయ్యారు గదా, అయితే మీది ఏమిటే అని అడిగింది. వెక్కిరించి ఉంటే బాగుండేది. నేను పుస్తకం తెరిచి కళ్ళ ముందు పెట్టుకున్నాను. నాకు సాక్ష్యం దొరికిందో, చేజారిందో తెలియలేదు. ఆ రోజు డైరీలో కచేరి అయింది అని మాత్రం రాసుకున్నాను.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఆ వీధిలో ఇప్పుడు వేదిక కట్టరు, కట్టినా పాటలు పెన్‌డ్రైవులోంచి వస్తాయి. తెలుగు అక్షరాలు నేను నడివయసులో, ఎవరూ చెప్పేవాళ్ళు లేక, పుస్తకం ముందేసుకొని ఒంటరిగా నేర్చుకున్నాను. దొరికిన కథల పుస్తకాలన్నీ చదివాను. ఎవరూ తెలుగు మాట్లాడని ఇంట్లో కూర్చొని, ఎవరో మాట్లాడే తెలుగు రాయడం అలవాటైంది. గడప లోపలి తెలుగు, గడప బయటి అరవం అనే ఆ పాత సరిహద్దు ఎప్పుడు చెరిగిపోయిందో మేము గమనించలేదు. ఒక రోజున ఇంట్లో అందరూ చెప్పులతోనే తిరుగుతున్నట్టు అనిపించింది, అంతే.

నిన్న దీన్ని రాయడం ముగించి, తెలుగు చదవడం రాని మా తమ్మునికి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. కళ్ళు మూసుకొని ఓపిగ్గా విన్నాడు. చాలా బాగుందక్కా, అచ్చం ఆంధ్రావాళ్ళు రాసినట్టే ఉంది అన్నాడు. ఆ మాట వాడు అరవంలో అన్నాడు.