నేను పెట్టని జామీను సంతకం

మొన్న ఏదో కాగితం నకలు కోసం నూజివీడులో కోర్టుకు వెళ్లి వరండాలో కూర్చుని ఉంటే, ఒక నడివయసు ఆవిడ కనిపించినవాళ్లనల్లా పొలం ఉందా అని అడుగుతూ నా దగ్గరికీ వచ్చింది. కొడుక్కి బెయిలు వచ్చిందట, కానీ ఆస్తి ఉన్నవాళ్లిద్దరు జామీను ఉంటేగాని జైలు నుంచి వదలరట, తన చుట్టాల్లో ఎవరికీ సెంటు భూమి లేదట. మా ఆవిడ పోయాక ఒక్కణ్ణే చూసుకోలేక ఉన్న మామిడితోట అమ్మేశానని చెప్పాను. "పర్లేదులెండి బాబుగారూ" అంటూ ఆవిడ పక్క బెంచీ దగ్గరకు నడిచింది. నేను నకలు సంగతి మరిచిపోయి ఇంటికి వచ్చేశాను.

వయోజన విద్య రోజులు నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. నాకు మాస్టారి ఉద్యోగం వచ్చిన కొత్తలో, పగలు బడిలో పాఠాలు చెప్పాక సాయంత్రం ఒక చిన్న జైలుకు వెళ్లి ఖైదీలకు అక్షరాలు నేర్పమని నన్ను వేశారు. కరుడుగట్టిన మనుషులుంటారని బెదురుతూ వెళ్లినవాణ్ణి, తీరా చూస్తే మా తోటల్లో, వరిచేలల్లో రోజూ కనిపించే ముఖాలే. పదిమంది పట్టే గదిలో ముప్పై మంది, ఒకరు కాళ్లు చాపుకోవాలంటే ఇంకొకరు లేచి కూర్చోవాలి. వాళ్లలో చాలామందికి ఇంకా శిక్షే పడలేదు, విచారణ ఎప్పుడు మొదలవుతుందో చెప్పే నాథుడూ లేడు.

వాళ్లలో ఒకతను ఆగిరిపల్లి వైపు నుంచి వచ్చిన మామిడికోత మనిషి. గెడకు చిక్కం కట్టి, కాయ నేలను తాకకుండా, సొన కారకుండా తొడిమతో సహా దించడం ఒక విద్య అని నాకు చెప్పింది అతనే. ఒక తోట కౌలు దగ్గర రెండు వర్గాలు కొట్టుకుని ఒకాయన తల పగిలితే, ఆ పూట అక్కడున్న కూలీలందరి పేర్లూ కేసులోకి ఎక్కాయి. తాను చెట్టు దిగనే లేదని అతను చెప్పినా వినిపించుకున్నవాళ్లు లేరు. బెయిలు వచ్చింది గాని, అతని భార్య కాళ్లరిగేలా తిరిగితే ఒక్క చిన్న రైతు మాత్రం జామీనుకు ఒప్పుకున్నాడు. రెండో మనిషి దొరకలేదు.

చదువు మీద అంత ఆకలి ఉన్న మనిషిని నేను బడిలో కూడా చూడలేదు. పలక మీద తన పేరు కంటే ముందు వాళ్లమ్మ పేరు రాసుకున్నాడు. ఒక సాయంత్రం అందరూ వెళ్లాక ఆగి, నేల చూపులు చూస్తూ అడిగాడు.

"మాస్టారూ, మా ఊరి దగ్గర మీకు తోట ఉందంట కదండీ. ఒక్క సంతకం పెడతారేమోనని... నేనెక్కడికీ పారిపోనండీ. మా అమ్మకి ఒంట్లో బాగోలేదంట."

"చూద్దాంలే" అన్నాను.

ఇంట్లో నాన్నతో అంటే, తింటున్న కంచంలోంచి తలెత్తకుండానే, "వాడు వాయిదాకి రాకపోతే నీ మీదకొస్తది, నోరు మూసుకుని నీ ఉద్యోగం నువ్వు చేసుకో" అన్నారు. తోట నా పేరునే ఉంది, సంతకం నా చేతిలోనే ఉంది. అయినా ఆ మాట వినగానే నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించిందని ఇన్నాళ్లకు ఒప్పుకుంటున్నాను.

అతను మళ్లీ అడగలేదు. కొన్నాళ్లు నేను గదిలోకి వెళ్లగానే ఆశగా నా ముఖంలోకి చూసేవాడు, తర్వాత అదీ మానేశాడు. ఆ వేసవిలోనే వాళ్లమ్మ పోయింది. కబురు అందేసరికి అంతా అయిపోయింది. ఆ సాయంత్రం ఒళ్లో పలక పెట్టుకుని ఒక్క అక్షరమైనా రాయకుండా కూర్చున్నాడు. దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాను, వేయలేక మిగతావాళ్లకు గుణింతం చెప్పి వచ్చేశాను. ఆ నెలలోనే ఎవరినో బతిమాలుకుని జైలు పాఠాలు తప్పించుకున్నాను. మరుసటి ఏడు కోతలయ్యాక అతని మీద కేసు కొట్టేశారని విన్నాను.

చాలా ఏళ్లకు హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే, నెరిసిన తలతో ఒక మనిషి వచ్చి నమస్కారం పెట్టాడు. గొంతు విన్నాకగాని గుర్తుపట్టలేకపోయాను. వద్దంటున్నా టీ ఇప్పించాడు. ఏదో ఒకటి చెప్పాలని నేను తడుముకుంటుంటే అతనే అన్నాడు.

"అప్పుడు మిమ్మల్ని అలా అడగాల్సింది కాదండీ మాస్టారూ. పాపం, మిమ్మల్ని ఇరకాటంలో పెట్టేశాను."

అంతలో అతని బస్సు వచ్చింది.

ఇప్పుడు జైళ్లలో ఫోన్లున్నాయట, వాయిదాలు తెర మీదే నడుస్తున్నాయట, సంతోషమే. కానీ నేరం రుజువు కాని మనిషిని భూమి లేదన్న పాపానికి లోపలే ఉంచే పద్ధతి పోలేదు. అలాంటి మనిషి మాటనూ, ఊరివాళ్ల మాటనూ నమ్మి ఇంటికి పంపే రోజు నా కళ్లతో చూస్తానన్న నమ్మకం తగ్గిపోతోంది. ఆ సంతకం పెట్టని సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు. నలభై ఏళ్ల కాపురంలో ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, రేపు చెబుదాంలే అనుకున్నాను. ఇప్పుడు చెబుదామంటే ఇంట్లో వినేవాళ్లు లేరు. అందుకే మీకు చెబుతున్నాను.