మిహికకు ముందు ఎవరు?

కొంటా నుంచి జగదల్‌పూర్ వెళ్లే బస్సులో నా పక్కన దొర్ల తెగకు చెందిన ఒక ముసలామె మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాప పేరు మిహిక అంది. ఆ పేరెలా దొరికిందని అడిగాను.

"పుట్టినంక పాలు తాగలే అమ్మా. పోయిన మా పెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలిచినం. ఏ పేరుకు తాగితే ఆ మనిషే తిరిగొచ్చినట్టు. దేనికీ తాగలే. ఆస్పత్రి నర్సమ్మ తన పేరు మిహిక అని చెప్తే తాగింది. ఆ పేరుతో వాళ్ల ముసలమ్మ ఎవరో ఉండుంటది. తోంగ్‌పాల్‌ల వాళ్లింటికే పోతున్న, అడగనీకి."

బడిలో ముప్పై ఏళ్లు హాజరు పిలిచినదాన్ని. మొదటి మిహిక నా చివరి ఏడాదిలో వచ్చింది.

"అది కొత్త పేరు. ముసలమ్మలెవరికీ ఉండదు," అన్నాను.

ఆమె మొహం వాడిపోయింది. "ఏంది, దీనికి ముందు ఎవరూ లేరా?"

"లేరు."

పాప మొహం తన వైపు తిప్పుకుంది.

"అయితే ఇదే పెద్దది. రేపు మా ఇంట్ల పుట్టేటోళ్లకు దీని పేరే పిలుస్తరు తీ."