మణికట్టు మీద సీసా

సీసా మూత తీసే ముందు ఆమె దాన్ని ఎడమ మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకుంటుంది. గోరువెచ్చగా ఉంటేనే మూత తీస్తుంది.

"పిల్లకి పాలు పడుతున్నావా పిన్నీ?" అని ప్రయోగశాలలో అందరూ ఏడిపిస్తారు.

"నీకూ కావాలా?" అంటుంది.

ఆమె పెంచేది కణాలను; సీసాలో ఉండేది వాటిని కడిగే ద్రవం. రక్తనాళం లోపలి గోడకు పరుచుకుని ఉండే కణాలు. ప్లేటులో అవి ఒకదాన్నొకటి ఒరుసుకుని నేల మీది పలకల్లా పెరుగుతాయి. వాటి మీద థ్రాంబిన్ వేస్తారు. గాయం దగ్గర రక్తాన్ని గడ్డకట్టించే ఎంజైము అది. తగిలితే ఈ కణాలు ముడుచుకుంటాయి, మధ్యలో సందులు పడతాయి. నాళంలో అయితే ఆ సందుల్లోంచి నీరు బయటికి ఊరుతుంది. పోల్చి చూడటానికి థ్రాంబిన్ వేయని ప్లేటు ఒకటి పక్కన ఉంచుతారు.

ఆ రోజు వేయని ప్లేటులోనూ సందులు పడ్డాయి.

పెద్దసారు మైక్రోస్కోపు మీంచి తలెత్తి, థ్రాంబిన్ వేసిన పరిశోధకురాలి వైపు చూశాడు.

"ఇందులోకి ఎలా వచ్చిందమ్మా? నడిచొచ్చిందా?"

"నేను వెయ్యలేదు సార్. పిపెట్ కూడా మార్చాను."

"మరి గాలికి ముడుచుకున్నాయా? రేపట్నుంచి ఈ పని ఇంకొకరు చూస్తారు."

పరిశోధకురాలు ఇటు తిరిగింది. "పిన్నీ, నువ్వు పక్కనే ఉన్నావుగా. చెప్పు."

ఆమె కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతోంది. "నేను చూడలేదమ్మా," అంది.

అంతకుముందు కూతురు ఫోన్లో ఏదో అడుగుతుంటే, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాతోనే ఆ ప్లేటు కడిగింది. చలికి కూడా కణాలు ముడుచుకుంటాయి. మణికట్టుకు ఆనించలేదని మూత బిగించేటప్పుడే గుర్తొచ్చింది. కానీ ఇన్నేళ్ల పేరంతా ఆ మణికట్టు మీదే నిలిచి ఉంది.

ఇంట్లో భర్త, "చెయ్యి కాలిందా? అలా పట్టుకున్నావేంటి?" అన్నాడు.

"ఏం లేదు," అని చేతిని వెనక్కి పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే పెద్దసారునూ పరిశోధకురాలినీ పిలిచింది. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, మణికట్టుకు ఆనించకుండా, బాగున్న ప్లేటులో పోసింది. థ్రాంబిన్ వేయలేదు. కాసేపటికి మైక్రోస్కోపులో చూసి, కుర్చీలోంచి లేచి, ముందు పరిశోధకురాలిని కూర్చోమంది.

"నిన్నా ఇంతేనమ్మా. చల్లది పోసింది నేను."