మైనస్ తూకం బస్తా

నాకూ ఎనిమిదో తరగతికీ పడలేదు. విడిపోయాం. తొంభైల చివర్లో శంషాబాద్‌లో ఒక చెప్పుల దుకాణం పైగదిలో నేనూ, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక అక్కా కలిసి కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్ళం. ఆమె డిగ్రీ చదివింది. నాతో పనిచేయడం ఒక్కటే ఆమె చేసిన తెలివితక్కువ పని. వేసవిలోగా ఒక్క పనైనా నిలబడకపోతే ఇంటికొచ్చి బళ్ళో పాఠాలు చెప్పుకోమన్నారు వాళ్ళ నాన్నగారు.

అప్పుడు దొరికింది కొత్తూరు కోళ్ళ దాణా మిల్లు పని. కాటా మీద పెట్టిన ప్రతి బస్తా తూకం వైరు గుండా కంప్యూటర్‌లోకి వస్తుంది. మా ప్రోగ్రాం వాటిని వరసలో పెట్టి, ఒక్క ఊపులో ఫైల్లో పోసి, అచ్చు వేయాలి.

మొదట తూకాలు దాచడానికి సి++ భాషలోని వెక్టర్ అనే వరస వాడాం. అందులో తూకాలన్నీ గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళలా ఉంటాయి. పాతవి ముందు నుంచి తీసేసినప్పుడల్లా మిగతావన్నీ జరగాలి, అదొక ఆలస్యం. అక్క దాన్ని మార్చి, ముందు నుంచి తీసినా మిగతావి జరగనక్కర్లేని డెక్ అనే వరస పెట్టింది. ఇటరేటర్ అంటే వరసలో ఫలానాది ఇక్కడుందని చూపించే వేలు. ఫైల్లో పోసే మా ఫంక్షన్‌కు ఆ వేలు ఎంత దూరమైనా ఒక్క గెంతులో పోతే చాలు. డెక్ వేలూ అలా గెంతగలదు. రాసినదాంట్లో తప్పులు పట్టే కంపైలర్ కిక్కురుమనలేదు. గదిలో నాలుగు తూకాలు కొట్టి చూసి, బాగుందనుకున్నాం.

మిల్లులో బస్తాలు పడుతున్నాయి, కాగితం వస్తోంది. కాసేపటికి మిల్లు యజమాని సేటు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఏంది గిది? బస్తా తూకం మైనస్ అంటుంది?"

"గాలి నింపిన్రేమో సేటు," అన్నాను.

"మరి గీ కిందిది? గిన్ని సున్నాలా? గింత బరువు ఎవడు మోసిండు?"

హమాలీ తన చేతుల వంక చూసుకున్నాడు. "నేనే సేటు. జర బరువుగనే ఉండె."

"అన్నం తిని వస్త. గప్పటికి సక్కగ గాకుంటే మీ డబ్బా ఎత్తుకపోండ్రి," అని సేటు లేచాడు.

అక్క కోడ్ ముందు కూర్చుని పెదవి కొరుక్కుంది. "తమ్ముడూ, డెక్‌లో అన్నీ ఒకేచోట ఉండవు. ముక్కలు ముక్కలుగా వేర్వేరు చోట్ల ఉంటాయి. ఇటరేటర్‌కి ఆ దారి తెలుసు. నేనేమో మొదటిదాని చిరునామా పట్టుకుని, మిగతావి దాని పక్కనే ఉన్నాయనుకుని, అక్కడున్న చెత్తంతా ఫైల్లోకి ఊడ్చేశాను."

"మా గల్లీల ఇంటి నంబర్ల లెక్కనా? నాలుగో నంబరు పక్కపొంటి బర్రెల కొట్టం ఉంటది. అయిదో నంబరు మసీదు ఎన్క. పోస్టుమాన్‌కు ఎరుకే. కొత్తోడు తలుపులు లెక్కవెడితే బర్రెకు ఉత్తరమిస్తడు."

"అదే. మనం ఇచ్చేశాం."

గదిలో కొట్టిన నాలుగు తూకాలూ మొదటి ముక్కలోనే సరిపోయాయి, అందుకే ఈ సంగతి బయటపడలేదు. గెంతగలవా అని ఇటరేటర్‌ను అడగడానికి భాషలో మాట ఉంది. మీరంతా ఆనుకునే ఉన్నారా అని అడగడానికి అప్పట్లో లేదు. అందుకని అక్క ఆ ఫంక్షన్‌ను ఉత్త చిరునామా మాత్రమే పుచ్చుకునేలా మార్చింది. డెక్‌ను ఇచ్చి చూస్తే కంపైలర్ తెర నిండా తిట్టింది. ఇక ఈ తప్పు గది దాటి మిల్లు దాకా రాదని మేం చేతులు కలుపుకున్నాం. తర్వాత ఇటరేటర్‌తోనే తూకాలను ఒక్కొక్కటిగా వెక్టర్‌లోకి ఎత్తి, దాని చిరునామా ఇచ్చాం.

సేటు త్రేన్చుకుంటూ వచ్చాడు. సాయంత్రం దాకా కాగితం పట్టుకుని, అనుమానం వచ్చిన బస్తానల్లా మళ్ళీ కాటా ఎక్కించాడు. అనుమానం అన్నిటి మీదా వచ్చింది. హమాలీ నన్ను చూసిన చూపు బాలేదు.

"మంచిగనే ఉంది. ఇగ రేపటి సంది ఇదే నడవని," అన్నాడు సేటు.

అక్క నేరుగా ఎస్టీడీ బూతుకు నడిచింది.

"నాన్నగారూ, బడికి వేరే వాళ్ళని చూసుకోమనండి. ఇక్కడ పని కుదిరింది... ఏం పనా? కోళ్ళ దాణా బస్తాలు తూస్తున్నామండి."

 మీటరు తిరుగుతున్నా అక్క ఫోన్ పెట్టకుండా, మైనస్ తూకం బస్తా సంగతంతా ఆయనకు చెప్పుకొచ్చింది.